ఒకటి తరువాత పది

అల్లూరు
20 జనవరి 2025, సోమవారం

మౌలా అన్నకు వందనాలు.

పొద్దున తొమ్మిది దాకా మంచు విడవలేదు. బజారులో బండ్లు లైట్లు వేసుకునే తిరిగాయి. అంగడి తీసి ప్రింటరు లోపల పేరుకున్న పొడి తుడిచాను. మంచు రోజుల్లో కాగితం చెమ్మ పట్టి రెండేసి షీట్లు అతుక్కుని పోతాయి. అందుకని రీములను అరగంట వెచ్చగా ఉంచి తరువాత ఎక్కించాను.

మా చర్చి సంఘం వాళ్ళ పాటల పుస్తకం అచ్చు పని ముగిసింది. పన్నెండు ఫారాలు, ఒక్కో ఫారం మూడు వందల షీట్లు. ఎప్పటిలాగే షీటుకు ఈ వైపు ఎనిమిది పేజీలు, ఆ వైపు ఎనిమిది. మూడు మడతలు వేస్తే పదహారు పేజీల ఫారం వరసగా వస్తుంది. కట్టలన్నీ రొయ్యల మేత వ్యానులో వేశాను. చెంచయ్య ఇక్కడి చెరువులకు మేత దింపి ముత్తుకూరుకు ఖాళీగానే వస్తాడు కదా, మేత వాసన తప్ప వేరే ఖర్చు లేదు.

ఈసారి ఒక కొత్త పద్ధతి. ఇదివరకు ఒక్కో పీడీఎఫ్ తెరిచి, ఎనిమిదేసి పేజీలు షీటు మీదికి సర్ది, ప్రింటు ఇచ్చి, అది మూసి, రెండోది తెరిచేవాడిని. ఇప్పుడు పన్నెండు ఫైళ్ళున్న ఫోల్డరునంతా ఒకే దెబ్బకు ఇచ్చాను. పేజీలన్నీ అదే సర్దుకుని, ఒకదాని వెనుక ఒకటి పన్నెండు కట్టలు దింపింది. నేర్చుకోవడానికి పది రోజులు పట్టింది. చదివింది తొమ్మిదో తరగతి కనుక పది రోజులు ఎక్కువ కాదనుకుంటున్నాను. పదకొండేళ్ళ కిందట మీరు మడిచి, పెన్సిలుతో ఒకటి నుంచి పదహారు దాకా అంకెలు వేసి పంపిన కాగితం ఇప్పటికీ ప్రింటరు పైన గోడకు అంటించే ఉంది. ఒకటో పేజీ పైన ఎనిమిదో పేజీ తలకిందులుగా ఎందుకుండాలో దాన్ని విప్పి చూసే తెలుసుకున్నాను.

పుస్తకంలో పేజీ నంబర్లు లేవు. పని అప్పగించిన ఎవాంజెలిన్ గారు వద్దన్నారు. "మావాళ్ళు పాట నంబరు చెప్తారు గానీ పేజీ నంబరు ఎవరు చెప్తారయ్యా?" అన్నారు. రిటైరైనా హెడ్మిస్ట్రెస్ కదా, ఎదురు చెప్పలేదు. ప్రతి కట్ట మీద చీటీ ఉంది, ఫారం 1 నుంచి 12 వరకు. ఆ వరసలో పెట్టి కుట్టండి.

గత రెండు ఉత్తరాలలో మీ అక్షరాలు బాగా పెద్దవయ్యాయి. నా అచ్చు చిన్నదని ఎగతాళి చేస్తున్నారా?

క్రీస్తురాజు

ముత్తుకూరు
27 జనవరి, సోమవారం

క్రీస్తురాజూ,

నీ ఉత్తరంలో మంచు గురించి నాలుగు వాక్యాలు, నీ గురించి ఒక్కటీ లేదు. మంచు కంటే బాగానే ఉన్నావని అనుకుంటున్నాను.

పుస్తకాలు మూడు వందలూ పంపుతున్నాను. మడతలు సగం మీ వదిన నూర్జాన్ వేసింది. కట్ట విప్పగానే ఇల్లంతా మేత వాసన. "వీళ్ళు ఈ పుస్తకం పట్టుకోని పాడితే దేవుడు వస్తాడో లేదో గానీ రొయ్యలు మాత్రం లేచొస్తాయి" అంది. ఈ మాట మీ ఎవాంజెలిన్ గారికి చెప్పకు.

నీ కొత్త పద్ధతి బాగుంది. ఒకే దెబ్బకు పన్నెండు కట్టలు దించే మెషీన్ నాకూ ఉంటే బాగుండు. నాది ఇనుప కటింగ్ మెషీన్, చక్రం తిప్పితేనే కత్తి దిగుతుంది. దానికి ఫోల్డరు ఇస్తే ఫోల్డరునే కోస్తుంది.

అక్షరాలు పెద్దవైనాయంటావా? తబస్సుమ్ లావు మొన పెన్ను ఇచ్చింది. కూతురు ఇచ్చిన పెన్ను వాడకపోతే అన్నం పెట్టదు.

ఒక్క మాట. సంఘంవాళ్ళు ఈసారి పాటల వరస ఏమైనా మార్చారా? ఊరికే అడిగాను. నీ చీటీల ప్రకారమే పెట్టి కుట్టేశాను. పదకొండేళ్ళలో నీ చీటీ ఎప్పుడూ తప్పలేదు.

సంఘంవాళ్ళ వేసవి కన్వెన్షన్ సభల పుస్తకాలు కూడా మనకే ఇస్తారా? ఇస్తే ముందుగా చెప్పు. దారం, అట్ట తెచ్చి పెట్టుకుంటాను.

మౌలా

అల్లూరు
10 ఫిబ్రవరి, సోమవారం

మౌలా అన్నకు వందనాలు.

ఎండ కొంచెం గట్టిపడింది. పొద్దున అంగడి ముందు నీళ్ళు చల్లాను. పది గంటలకు ఎవాంజెలిన్ గారు పాటల పుస్తకం చేత పట్టుకుని వచ్చారు.

నిన్న ఆరాధన తరువాత పుస్తకాలు పంచారు. మొదటి పాట, పదో పాట బాగానే పాడారట. తరువాత ఆమె ఇరవై మూడో పాట అని చెప్పారట. అందరూ పేజీలు తిప్పుతూనే ఉన్నారట. ఇరవై రెండు అయిపోగానే రెండు వందల ఆరు వస్తోంది. రెండు వందల ఎనభై దాకా పోయి, ఆ తరువాత ఇరవై మూడు.

"ఏంది రాజూ ఇది? ఇరవై రెండో పాట దాకా మనతోనే ఉండి, ఆ తరవాత శ్రీహరికోట రాకెట్టు ఎక్కినట్టు రెండు వందల్లోకి పోయినాయే! ముసిలోళ్ళు ఎట్ట వెతుక్కుంటారు?" అన్నారు.

నేను పుస్తకం తీసుకుని చూశాను. ఇంకో పది తెప్పించి చూశాను. అన్నీ అంతే.

"నీ బైండరు కండ్లు మూసుకోని కుట్టినాడా?" అన్నారు.

పుస్తకాలన్నీ వెనక్కి తీసుకుని సరిచేసి ఇస్తామని చెప్పాను. ఆమె వెళ్ళాక కంప్యూటరు ముందు ఒక గంట కూర్చున్నాను. తరువాత రెండు ఆధార్ జిరాక్సులు, ఒక రేషన్ కార్డు లామినేషన్.

దారం కత్తిరించి, ఫారాలు విడదీసి, వరస మార్చి మళ్ళీ కుట్టాలి. అట్టలు చిరిగిపోతాయి, కొత్తవి అచ్చు వేస్తాను. అంచు మరో రెండు మిల్లీమీటర్లు కోసినా పాటలకు దెబ్బ తగలదు. నేను వదిలిన మార్జిను సరిపోతుంది.

వీలు చూసుకుని రాయండి.

క్రీస్తురాజు

ముత్తుకూరు
14 ఫిబ్రవరి, శుక్రవారం

తమ్ముడూ,

తప్పు నాది. పుస్తకాలన్నీ పంపు. ఒక్కొక్కటీ విప్పి నేనే కుడతాను.

నీకు ఒక సంగతి చెప్పలేదు. లావు మొన పెన్ను తబస్సుమ్ ఇవ్వలేదు, నేనే కొన్నాను. సన్న గీత రాస్తే నాకు కనిపించడం లేదు. ఆరు నెలలైంది. అన్నీ పొగలోంచి చూసినట్టు ఉంటాయి. దసరా ముందు నెల్లూరు కంటి క్యాంపుకు పోయాను. రెండు కళ్ళలోనూ శుక్లాలే, ఎడమది ముదిరింది అన్నారు. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది గానీ నలభై రోజులు వంగకూడదు, బరువు లాగకూడదు, మెషీన్ చక్రం తిప్పకూడదు అన్నారు. అప్పటికే నువ్వు పాటల పుస్తకం సంగతి రాశావు. దాని తరువాత కన్వెన్షన్ పని అన్నావు. ఆ తరువాత చూసుకుందామని ఇంటికి వచ్చేశాను. నూర్జాన్‌కు కూడా సగమే చెప్పాను.

చేతికి అలవాటైన పని కదా, కళ్ళతో పనేముందిలే అనుకున్నాను. మడత చేతికి తెలుస్తుంది, కుట్టు వేలికి తెలుస్తుంది. చీటీ మీది అంకె మాత్రం కంటికే తెలియాలి. రెండును పది అని చదివి కట్టలు తారుమారు పెట్టి ఉంటాను. చీటీలు అప్పుడే పారేశాను. ఇప్పుడు చూసుకుందామన్నా లేవు.

మీ సంఘంవాళ్ళు అన్న మాట నిజమే. కళ్ళు మూసుకునే కుట్టాను.

ఇవి సరిచేసి ఇచ్చాక ఇక పని పెట్టుకోను. ముప్పై నాలుగేళ్ళు చేశాను. కటింగ్ మెషీన్ కావాలని నెల్లూరు నుంచి ఒకాయన పోయిన ఏడాదే అడిగాడు, అతనికి కబురు పంపాను. కన్వెన్షన్ పుస్తకాలకు వేరే బైండరును చూసుకో. కోట ఊళ్ళో ఒకతను ఉన్నాడు, కుట్టు గట్టిగా వేస్తాడు.

మౌలా

అల్లూరు
19 ఫిబ్రవరి, బుధవారం

మౌలా అన్నకు వందనాలు.

పొడి ఎండ. తూర్పు గాలి. ప్రింటరు రోలరు మార్చాను.

పుస్తకాలు 287 వచ్చాయి, పంపుతున్నాను. పదమూడు మంది తిరిగి ఇవ్వబోమన్నారు. రోజారమణి అనే ఆమె అయితే, "నాకు కావాల్సిన పాటలన్నీ ఆఖర్లో ఉండేవి, ఇప్పుడు ముందుకొచ్చినాయి, నేనియ్యను పో" అని పుస్తకం కొంగులో దాచుకుంది.

కొత్త అట్టలు 300 ఇందులోనే ఉన్నాయి.

కళ్ళ సంగతి ముందే రాయవలసింది. ఆపరేషన్‌కు తేదీ తీసుకోండి. నలభై రోజులు పని ఆగితే ఆగనివ్వండి. మెషీన్ విషయం తొందరపడకండి. తప్పు ఎవరిదన్నది ఇప్పుడు పక్కన పెడదాం.

క్రీస్తురాజు

ముత్తుకూరు
24 ఫిబ్రవరి, సోమవారం

రాజు చిన్నాన్నకు,

నేను తబస్సుమ్‌ను. ఈ ఉత్తరం సంగతి నాయనకు తెలియదు. లారీల కాటా దగ్గర బిల్లులు కొట్టే పని నాది. మధ్యాహ్నం రద్దీ లేనప్పుడు రాస్తున్నాను. ఫోనులో అడుగుదామనుకున్నాను. మీరు ఫోనులో "ఊఁ" తప్ప ఇంకేమీ అనరని నాయన చెప్తాడు. మీ ఇద్దరికీ కాగితమే అలవాటు కదా, అందుకే ఇలా.

మీ పుస్తకాలు విప్పుతున్నాడు. రోజుకు ముప్పై. అమ్మ పక్కన కూర్చుని పాట నంబర్లు పైకి చదువుతుంది, నాయన ఒక్కోదానికి రెండుసార్లు అడుగుతాడు. "ఇరవై మూడేనా? బాగా చూడు" అంటాడు. అమ్మకు విసుగొచ్చి, "నేనేం లెక్కల టీచర్నా, కనపడేది చెప్తుండా" అంటుంది. ఇదివరకైతే నవ్వేవాడు.

మొన్న అన్నం తింటూ ఒక మాట చెప్పాడు. జనవరిలో పుస్తకాలు కుట్టేటప్పుడే ఒక పుస్తకం తెరిచి చూశాడట. మొదటి ఫారం ఇరవై రెండో పాటతో ముగిసింది. పక్క ఫారంలో మొదటి పాట 206 అని కనిపించిందట. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూస్తే మళ్ళీ 206. అమ్మను పిలిచి అడుగుదామనుకున్నాడట. "అడిగితే కన్ను పోయిందని తెలిసిపోతుంది గదా. రాజు వేసిన చీటీ రెండు అని ఉండాది, నా కంటికి రెండు వందల ఆరు అని ఉండాది. రాజును నమ్మాల్నా, ఈ కన్నును నమ్మాల్నా? అని కుట్టేసినా" అన్నాడు. ఆ తరువాత, చీటీ మీద రెండు అని ఉండటం కూడా నిజంగా చూశానో లేదో ఇప్పుడు చెప్పలేను అన్నాడు.

చిన్నాన్నా, నేను కాటా దగ్గర రోజంతా నంబర్లు చూసేదాన్ని. నాయన చెప్పింది విన్నాక నాకొక అనుమానం వచ్చింది. అది మీకు రాయడం మర్యాద కాదు. కానీ మీరు రాసిన రెండు ఉత్తరాలూ చదివాను, నాయనకు చదివి పెట్టేది ఇప్పుడు నేనే. రెండింటిలోనూ పుస్తకాలు ఎలా తప్పాయో మీరు రాయలేదు. మీరు అంచు రెండు మిల్లీమీటర్ల సంగతి కూడా రాసే మనిషి.

గురువారం మెషీన్ కోసం మనిషి వస్తాడు. నిన్న నాయన దానికి నూనె వేసి తుడిచాడు. అమ్మేదానికి తుడుస్తున్నట్టు లేదు. ఆపరేషన్ మాట ఎత్తితే, "పనే లేనప్పుడు కన్నెందుకు?" అంటున్నాడు.

తప్పు నాయనదేనా? అదొక్కటి చెప్పండి.

తబస్సుమ్

అల్లూరు
25 ఫిబ్రవరి, మంగళవారం

మౌలా అన్నకు,

ఎండగా ఉంది. అంగడి తెరవలేదు.

ఈ ఉత్తరం తబస్సుమ్ మీకు చదివి వినిపిస్తుంది. అమ్మా, ఒక్క మాట కూడా వదలకుండా చదువు.

పుస్తకాల వరస తప్పింది నా దగ్గర. మీ దగ్గర కాదు.

ఫైళ్ళకు నేను పెట్టిన పేర్లు 1, 2, 3 అలా పన్నెండు దాకా. ఫోల్డరునంతా ఒకేసారి ఇస్తే మన వరసలోనే తీసుకుంటుందనుకున్నాను. ఆ ప్రోగ్రాము మనం లెక్కపెట్టినట్టు లెక్కపెట్టదు. మొదట ఒకటితో మొదలయ్యే పేర్లన్నీ తీసుకుంటుంది. 1, తరువాత 10, 11, 12. అవి అయ్యాకే 2. కట్టలు ఆ వరసలోనే దిగాయి. నేను దిగిన వరసలోనే చీటీలు పెట్టుకుంటూ పోయాను. పదో ఫారం మీద 2 అని పెట్టాను, పదకొండో దాని మీద 3, పన్నెండో దాని మీద 4. రెండో ఫారం మీద 5. పాటలు ఏ ఫారానికి ఆ ఫారంలోనే ముగిసేలా టైపు చేయించినందువల్ల ఎక్కడా సగం పాట తెగలేదు, ఎవరికీ అనుమానం రాలేదు.

ప్రతి పనికీ ఒక పుస్తకం మొత్తం మడిచి, వరసగా పెట్టి చూడటం నా అలవాటు. అది కూడా మీరు నేర్పిందే. ఆ రోజు మొదటి ఫారం ఒక్కటే మడిచాను. అది సరిగ్గా ఉంది. కొత్త పద్ధతి వచ్చేసిందన్న సంతోషంలో మిగతా పదకొండూ మడవలేదు.

మీరు జనవరి 27 ఉత్తరంలో పాటల వరస మారిందా అని అడిగారు. చదివాను. కట్టలు లెక్కపెట్టుకుని సంఘానికి ఇచ్చేశాను. ఒక పుస్తకం తెరిచి ఉంటే అప్పుడే తెలిసేది.

ఫిబ్రవరి 10న ఎవాంజెలిన్ గారు వెళ్ళాక కంప్యూటరు ముందు గంట కూర్చున్నానని రాశాను. ఫోల్డరు తెరిచిన మొదటి నిమిషంలోనే తెలిసింది. మిగిలిన గంట ఊరికే కూర్చున్నాను. ఆమె బైండరు అన్నప్పుడు నేను కాదనలేదు. కాదంటే కన్వెన్షన్ పని ఇంకెవరికో పోతుందని భయపడ్డాను. ఆ పని పోతే మీకూ పోతుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా సాకే.

తరువాత తప్పు నాది అని మీరే రాశారు. కళ్ళ సంగతి రాశారు. ఆ రోజే రాయవలసింది. నా రోజు పుస్తకంలో ఆ తేదీన వాతావరణం ఉంది, ఎన్ని జిరాక్సులు తీశానో ఉంది, ఇది లేదు. 19న మీకు రాసిన ఉత్తరం మూడుసార్లు చింపి రాశాను. మూడుసార్లూ అదే వచ్చింది.

మీ కన్ను 206 అని చూసింది. అక్కడ ఉన్నది 206. చీటీ మీద 2 అని చూసింది. నేను రాసింది 2. పొగలోంచి చూసినా మీరు సరిగ్గానే చూశారు. నేను రెండు కళ్ళూ బాగుండి చూడలేదు.

ఈ పొద్దున ఎవాంజెలిన్ గారి ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆమె మునగాకు దూస్తున్నారు. దూస్తూనే విన్నారు.

"అయితే ఆ మౌలా తప్పేమీ లేదా?" అన్నారు.

"లేదమ్మా."

"పదిహేను రోజులుగా నేను ఆయన్ని ఊరంతా తిట్టి పెట్టినా. నువ్వు పక్కనే నిలబడి విన్నావు."

"అవునమ్మా."

"గోడకు నిలబెట్టే వయసు దాటిపోయినావు, ఏం చేసేది నిన్ను? పో, ఆ సంగతి కాగితం మీద అచ్చెయ్యి. పుస్తకానికొకటి పెట్టు. నేను ఎంతమంది ముందర తిట్టినానో అంతమందికీ తెలవాల."

కన్వెన్షన్ పని ఇస్తారా అని నేను అడగలేదు. గేటు దాకా వచ్చాక ఆమే పిలిచి, "ఈసారి పన్నెండూ మడిచి చూడు. ఆ మౌలాయే కుట్టాల. ఇంకొకరైతే నాకొద్దు" అన్నారు.

చీటీ అచ్చు వేశాను. "ఈ పుస్తకంలో మొదట వచ్చిన వరస తప్పు అచ్చు వేసిన అల్లూరు క్రీస్తురాజుది. కుట్టిన ముత్తుకూరు మౌలా గారిది కాదు." ముప్పై రెండు చీటీలు ఒక షీటు మీద, పది షీట్లు. ఒక వైపే అచ్చు. కోయడం మీ మెషీన్ మీదే జరగాలి. అందుకని షీట్లుగానే పంపుతున్నాను.

ఈ ఉత్తరం గోదాములో పడేయకుండా మీ చేతికే ఇమ్మని చెంచయ్యకు చెప్పాను. రేపు పొద్దుటికి అందుతుంది. గురువారం లోపల.

మెషీన్ అమ్మకండి అన్నా. నా మాట మీద నమ్మకం పోయి ఉంటే, మీ కన్ను మీద నమ్మి ఉంచుకోండి.

క్రీస్తురాజు

ముత్తుకూరు
3 మార్చి, సోమవారం

క్రీస్తురాజూ,

ఇది తబస్సుమ్ చేత రాయిస్తున్నాను. తిట్లు రాయనంటోంది. అవి నేను నీకు ఎదురుపడినప్పుడు ఇస్తాను, దాచి పెట్టాను.

ఉత్తరం బుధవారం అందింది. మొదటిసారి విని లేచి బయటికి పోయాను. బజారు దాకా నడిచి, టీ తాగి వచ్చి, మళ్ళీ చదవమన్నాను. ఫైళ్ళ పేర్ల దగ్గర మూడోసారి చదివించుకున్నాను. ఒకటి తరువాత పది. అంత తెలివిగల యంత్రానికి అంత లెక్క రాదా? నూర్జాన్‌కు రోజంతా నవ్వే. "ఇంత కంప్యూటరుకంటే నేనే నయం, ఒకటి తరవాత రెండు అని చెప్తుండా కదా" అంటోంది.

నేను నవ్వలేదు. నీ తప్పు ఫైళ్ళలో జరిగినందుకు నాకు కోపం లేదు. నేనూ జనవరిలో నోరు తెరిచి అడగవలసిన మాటను ఊరికే అని చుట్టి అడిగాను. కానీ పదో తేదీ నుంచి ఇరవై ఐదు దాకా పదిహేను రోజులు నా చేతులను నేనే నమ్మలేదు. అన్నం ముద్ద సరిగ్గా కలుపుతున్నానా లేదా అని చూసుకున్నాను. ఆ పదిహేను రోజులు నువ్వు ఏ షీటు మీద ఎన్ని సర్దినా తిరిగిరావు. ఇది చెప్పకపోతే నాకు కడుపులో ఉండిపోతుంది, చెప్పాను. ఇక అయిపోయింది.

గురువారం నెల్లూరాయన వచ్చాడు. ఆయన ఎదురుగానే నీ పది షీట్లూ మెషీన్లో పెట్టి కోశాను. చీటీలు ముప్పై రెండు ముక్కలుగా అంచు అంచుకు కలిసి వచ్చాయి. ఆయన ఒకటి తీసి వేలితో తడిమి, "కోత ఇంత బాగుంటే ఎందుకు అమ్ముతుండావు భాయ్?" అన్నాడు. "అమ్మేదానికి ఎవరు పిలిచినారు? చూపించేదానికి పిలిచినా" అన్నాను. బస్సు చార్జీ దండగైందని తిట్టుకుంటూ పోయాడు. తబస్సుమ్ ఆయనకు టీ ఇచ్చి సాగనంపింది.

పుస్తకాలు 287 కుట్టడం అయింది. చెంచయ్యకు ఇస్తున్నాను. చీటీలు వాటిలో పెట్టలేదు. పాటల పుస్తకంలో పాటలుండాలి గానీ మన ఇద్దరి గొడవెందుకు? ఎవాంజెలిన్ గారు అడిగితే మౌలా ఒప్పుకోలేదని చెప్పు. ఆమె నోటితో తిట్టింది కనుక నోటితోనే సరిచేస్తుందిలే.

చీటీలు మూడు వందల ఇరవైలో ఒకటి నా మెషీన్ పక్క గోడకు అంటించుకున్నాను. మిగతా మూడు వందల పంతొమ్మిది ఈ కట్టలో ఉన్నాయి. వెనక వైపు ఖాళీయే కదా. ఇక మీదట ఫారం నంబర్లు వాటి వెనక రాసి పంపు. కొత్త చీటీలు వాడితే కట్ట విప్పను. ప్రతిసారీ నంబరు వేసే ముందు ముందు వైపు తిప్పి ఒకసారి చదువుకో. మూడు వందల పంతొమ్మిది సార్లు అయ్యాక మాఫీ చేస్తాను.

నిన్నటి నుంచి రంజాన్ రోజాలు మొదలైనాయి. పండగ అయ్యాక, ఏప్రిల్ నాలుగున ఎడమ కన్నుకు ఆపరేషన్. తేదీ తీసుకున్నాం.

మౌలా

(చిన్నాన్నా, నాయన చెప్పిన తిట్లలో రెండు రాయలేదు. బాగున్నాయి. నేనే దాచుకున్నాను. తబస్సుమ్)

అల్లూరు
9 ఏప్రిల్, బుధవారం

మౌలా అన్నకు వందనాలు.

ఎండ ఎక్కువగా ఉంది. మూడు గంటలకు సముద్రం గాలి తిరిగింది. అంగడి ముందు పట్టా కట్టాను.

శుక్రవారం ఆపరేషన్ బాగా జరిగిందని, కంటికి కట్టిన పచ్చ గుడ్డ కింద నుంచి గోడ మీది నా చీటీ చదవబోయి నూర్జాన్ వదినతో చీవాట్లు తిన్నారని తబస్సుమ్ చెప్పింది. నేనే ఫోను చేశాను. ఊఁ అని మాత్రమే కాదు, నాలుగు మాటలు మాట్లాడాను. అడిగి చూడండి.

ఎవాంజెలిన్ గారు చీటీలు ఎందుకు పెట్టలేదని అడిగారు. మీరన్న మాట చెప్పాను. "పెద్దమనిషి" అన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక లేచి, తిట్టింది ఎవరినో, తిట్టవలసింది ఎవరినో అందరికీ చెప్పారు. నన్ను లేచి నిలబడమన్నారు. నిలబడ్డాను. రోజారమణి మాత్రం, "ఎవురి తప్పైనా నా పుస్తకం నేను మార్చను" అంది.

పక్క ఊళ్ళ సంఘాలవాళ్ళకు అవే పాటలు మరో రెండు వందల పుస్తకాలు కావాలట. వాటి ఫారాలే ఈ కట్టలు. నలభై రోజుల దాకా వీటిని ముట్టుకోకండి. తబస్సుమ్ చేత అటక మీద పెట్టించండి. కన్వెన్షన్ పుస్తకాలను కూడా మీ నలభై రోజులు అయ్యాకే మొదలుపెడదామని ఎవాంజెలిన్ గారు ఒప్పుకున్నారు.

ఫైళ్ళ పేర్లు మార్చాను. 1 కాదు, 01. 2 కాదు, 02. ఇప్పుడు వరసగా దిగుతున్నాయి. అయినా పన్నెండూ మడిచి చూశాను. ఇంకో పని కూడా చేశాను. ప్రతి ఫారం కుట్టు పడే వీపు మడత మీద ఒక లావు నల్ల గీత అచ్చు వేశాను, చిటికెన వేలి గోరంత. మొదటి ఫారానికి పైన, రెండో దానికి కొంచెం కింద, అలా దిగుతూ పన్నెండోది అడుగున. వరస సరిగ్గా ఉంటే వీపు మీద మెట్లు దిగినట్టు కనిపిస్తాయి. ఒక్క ఫారం తప్పినా మెట్టు విరుగుతుంది. చీటీ చదవనక్కర లేదు, నన్ను నమ్మనక్కర లేదు. కుట్టాక అట్ట కింద దాగిపోతుంది, మన ఇద్దరికే తెలుస్తుంది.

చీటీలు మీరు చెప్పినట్టే. మొదటి కట్టలో మొదటి పాట చూశాను, 1. చీటీ ముందు వైపు చదివాను. వెనక ఫారం 1 అని రాసి పెట్టాను. రెండో కట్టలో మొదటి పాట 23. ముందు వైపు చదివాను. ఫారం 2 అని రాసి పెట్టాను. మూడో కట్టలో 46. చదివాను. రాసి పెట్టాను. మూడు వందల పంతొమ్మిదిలో మూడు అయ్యాయి.

చెంచయ్య వచ్చేశాడు, హారను కొడుతున్నాడు. "ఏంది రాజన్నా, ఉత్తరం రాస్తుండావా, పరీక్ష రాస్తుండావా?" అంటున్నాడు. నాలుగో కట్టలో మొదటి పాట 69. చీటీ తిప్పి చదివేదాకా అతన్ని ఆగమన్నాను.